మనిషి కూర్చున్నా విరగని గిటారు

గిటారు సొంతంగా తయారుచేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని ఈ మధ్య కొందరు పిల్లలు నన్ను అడుగుతున్నారు. నేనొకసారి చేశానని వాళ్ళకెవరో చెప్పారట. నిజమే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే రెండుసార్లు చేశాను. మొదటిది ఇప్పుడు మా వంటింట్లో బియ్యం డబ్బా కింద ఉంది. చెమ్మ తగలకుండా బాగా కాపాడుతోంది. రెండోదాని సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరబోయేవాళ్ళు, చేరి విసుక్కుంటున్నవాళ్ళు కూడా చదవవచ్చు. కేవలం గిటారు కోసమే చదివేవాళ్ళు మాత్రం నన్ను పూర్తిగా నమ్ముకోకండి.

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ళకు పైగా ఒక మిషన్ ఆసుపత్రిలో వడ్రంగిగా పనిచేశాను. మా నాయన బండిచక్రాలు చేసేవాడు. బండ్లు పోయాక తలుపులు చేశాడు. నేను చంకకర్రలు చేశాను. సంగీతంతో నాకున్న సంబంధమల్లా మా పక్కింటి షామియానా షాపువాళ్ళు మైకు సరిచూసుకునేటప్పుడు వినడమే.

ఆసుపత్రి వెనకాల రేకుల కప్పు కింద మూడు గదుల వర్క్‌షాపు ఉండేది. ఒక గదిలో ఇనుప పని, ఒక గదిలో తోలు పని, మూడోది నాది. కాలు లేనివాళ్ళకు కాలు, పాదాలు చెడిపోయినవాళ్ళకు మెత్తటి చెప్పులు, నడవలేనివాళ్ళకు చంకకర్రలు, కూర్చోలేనివాళ్ళకు కుర్చీలు చేసేవాళ్ళం. కదిరి వైపు నుంచి, కుందుర్పి వైపు నుంచి, రెండు మూడు బస్సులు మారి జనం వచ్చేవాళ్ళు. ఎండాకాలంలో ఆ రేకుల కింద కూర్చుంటే కొత్తగా కోసిన కర్ర కూడా వారంలో ఎండిపోయేది. మనుషుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

తోలు గదిలో ఒక మేస్త్రి ఉండేవాడు. అందరూ చెప్పుల మేస్త్రి అనేవాళ్ళు, నేనూ అదే అంటాను. ఆసుపత్రిలో అందరికంటే బరువైన మనిషి. ఆ బరువుకు మా వర్క్‌షాపులో ఒక ఉద్యోగం ఉండేది. తయారైన ప్రతి వస్తువునూ బయటికి పంపే ముందు ఆయన దాని మీద తన బరువంతా వేసి చూసేవాడు. చంకకర్రల మీద వేలాడేవాడు. కుర్చీలో ధబాలున కూర్చునేవాడు. పీటల మీద నిలబడేవాడు. వస్తువు కిక్కురుమనకుండా ఉంటే, "పో" అనేవాడు. ఆ ఒక్క మాట అయితేనే అది గడప దాటేది.

ఈ ఆచారం నా వల్లనే వచ్చింది. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో కుందుర్పి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక ముసలాయనకు చంకకర్రలు చేసిచ్చాను. ఒకదానిలో కర్రకు ముడి ఉండింది. వార్నిష్ వేసేశాక అది కనబడలేదు. ఆయన బస్సు దిగుతుంటే అది పుటుక్కున విరిగి, బాగున్న కాలు కూడా విరిగింది. మళ్ళీ మా ఆసుపత్రికే తెచ్చారు. మంచం మీద పడుకుని నన్ను చూసి తిట్టలేదు. "ఇంగొకటి చేసిస్తావా నాయనా" అని అడిగాడు. తిట్టి ఉంటే రెండు రోజుల్లో మర్చిపోయేవాణ్ణి. ఆ రోజు నుంచి నేను చేసిన ఏ వస్తువూ విరగకూడదని నిశ్చయించుకున్నాను. బయటికి పోయే ప్రతిదాని మీదా బరువు వేసి చూడమని మేస్త్రిని నేనే అడిగాను. ఎవరైనా పది నూళ్ళ మందం చాలంటే నేను పన్నెండు ఉంచేవాణ్ణి. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మా చంకకర్రలతో పాములను చంపేవాళ్ళు, కుక్కలను తోలేవాళ్ళు, ఒకాయన గుడిసె నడుమ కప్పును మోసే నిట్టాడుగా కూడా పాతుకున్నాడు. దానికి నేను లోలోపల గర్వపడేవాణ్ణి.

ఇక గిటారు అడిగిన మనిషి సంగతి. ఆమె మా ఆసుపత్రిలోనే ఆడవాళ్ళ వార్డులో ఆయా. ఊరు సోమందేపల్లె దగ్గర. వాళ్ళ ఊరి చర్చిలో చిన్నప్పటి నుంచి గిటారు వాయించేది. ఆదివారం సెలవు దొరకడం కోసం మిగతా ఆరు రోజులు ఎవరి డ్యూటీ అయినా చేసేది. ఒక ఏడు శెనక్కాయల కాలంలో అన్న చేనుకు సాయం పోయి, కాయలు విడిపించే మిషన్లో ఎడమచెయ్యి పెట్టింది. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. మధ్యలో మూడూ పోయాయి. మణికట్టు బిగుసుకుపోయింది. మోచెయ్యి సగమే వంగేది.

గాయం మానాక కొలతలు తీసుకోవడానికి మా వర్క్‌షాపుకు పంపారు. చూడటానికి అసలు చెయ్యిలాగే ఉండే రబ్బరు చెయ్యి ఒకటి ఇస్తారు, దానికోసం. ఆమె ఆ నమూనాను అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టేసింది.

"చూసేదానికి బాగుండే చెయ్యి నాకెందుకన్నా? వాయించేదానికి ఏమన్నా చేసియ్యండి" అంది.

గిటారు వాయించడంలో ఎడమచేతి వేళ్ళదే అసలు పని అని అప్పుడు తెలిసింది. తీగను మెడ మీద ఏ మెట్టు దగ్గర నొక్కాలో చూసుకునేది అదే. కుడిచెయ్యి మీటుతుంది. కాబట్టి ఇకమీదట కుడిచేత్తో నొక్కి, మిగిలిన ఎడమచేత్తో మీటాలని ఆమె లెక్క. పాస్టరు గారి గిటారు అడిగి తెచ్చి, తీగలు తారుమారు చేసి కట్టి చూసింది. వంగని చెయ్యి ఆ లావు పొట్ట మీదుగా తీగల దాకా రాలేదు. చర్చిలో ఈలోగా కీబోర్డు ఒకటి కొన్నారు. అందులోనే డప్పులు, తాళాలు అన్నీ ఉంటాయట. నువ్వు పాడితే చాలులే అని ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెప్పారు కాబట్టే ఆమె దానికి ఎదురు చెప్పలేకపోయింది.

మా వర్క్‌షాపులో డాక్టరు రాసివ్వనిది ఏదీ చేయకూడదు. ఎముకల డాక్టరు మేడం ఆమె చెయ్యిని వంచి చూసి, చాలాసేపు ఆలోచించి, చీటీ మీద ఇలా రాసింది: "గిటారు, ఎడమచేతివాటం, పల్చని పొట్ట, ఒకటి. రోజూ రెండు పూటలా అరగంట." స్టోరు గుమాస్తా ఆ చీటీని మూడుసార్లు చదివి, ఇది మందా, పరికరమా అని అడిగాడు. పరికరమే అన్నాను. అయితే నీ దగ్గరికే అన్నాడు.

నేను ఫోన్లో వీడియోలు చూశాను. ఎక్కడో చలిదేశంలో ఒక పెద్దాయన ముసిముసిగా నవ్వుతూ గిటారు చేస్తుంటాడు. గదిలో తేమ ఎక్కువ కాకుండా చూసుకోండి అని మాటిమాటికీ హెచ్చరిస్తాడు. అనంతపురం జిల్లాలో మాకు ఆ ఒక్క బాధ లేదు. మెట్ల కొలతలు పాస్టరు గారి గిటారు నుంచి కాగితపు పట్టీ మీద దించుకున్నాను. అందులో పొరపాటు చేయలేదు, వడ్రంగిని కదా. మిగతా అన్నింటిలో మాత్రం, నాకు తెలిసిన పని నాకు అడ్డొచ్చింది.

గిటారు ముందు పలక రెండున్నర, మూడు మిల్లీమీటర్లు ఉంటే చాలని ఆ పెద్దాయన అన్నాడు. నాకు ఆయన మీద జాలి కలిగింది. అంత పల్చని చెక్కతో పనిచేసే మనిషి ఎన్ని విరగ్గొట్టి ఉంటాడో అనుకున్నాను. మంచి టేకు పలక తీసుకుని పన్నెండు మిల్లీమీటర్లు ఉంచాను. లోపల అడ్డంగా ఆరు బద్దలు వేశాను. జిగురు మీద నమ్మకం లేక ఇరవై నాలుగు స్క్రూలు బిగించాను. మెడకూ పొట్టకూ కలిసే చోట ఇనుప గదివాళ్ళతో ఒక పట్టీ కొట్టించాను. చెప్పుల మేస్త్రి ఆమె చేతికి సరిపడా ఒక తోలు కప్పు కుట్టాడు. దాని చివర మీటే బిళ్ళ దూరుతుంది. బొటనవేలికీ మణికట్టుకూ పట్టీలు. ఆ పని ఎంత బాగా కుదిరిందంటే ఇప్పటికీ నాకు దాని మీద కొంచెం కడుపుమంట ఉంది.

అయిన రోజు వర్క్‌షాపంతా చేరింది. మేస్త్రి గిటారును నేల మీద పడుకోబెట్టి, చెప్పులు విడిచి, దాని మీద కూర్చున్నాడు. అది చప్పుడు చేయలేదు. ఆయన కాళ్ళు కూడా పైకెత్తాడు. అప్పుడూ చప్పుడు చేయలేదు. "పో" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను కూడా. గిటారు చప్పుడు చేయకపోవడం మంచి లక్షణం కాదేమో అన్న ఆలోచన మా ఆరుగురిలో ఒక్కరికీ రాలేదు.

ఆమె తీసుకుని, మీటి చూసి, "బాగుండాది అన్నా" అంది. రోజూ రెండు పూటలా వార్డు వరండాలో కూర్చుని అరగంట వాయించేది. నిద్రపోతున్న పేషెంట్లకు ఒక్కసారి కూడా మెలకువ రాలేదు. నర్సులు ఆ గిటారును ఎంతో మెచ్చుకున్నారు. ఆ మెప్పు నేను నిజమనుకున్నాను.

నెల తరువాత ఒక ఆదివారం వాళ్ళ ఊరి చర్చికి మమ్మల్ని రమ్మంది. నేను చర్చిలోకి పోవడం అదే మొదటిసారి. మేస్త్రీ నేనూ వెనక వరసలో కూర్చున్నాం. కీబోర్డు మోగుతోంది, జనం పాడుతున్నారు, ఆమె ముందు కూర్చుని వాయిస్తోంది. ఆమె చెయ్యి కదలడం కనబడుతోంది. అంతే. ఏమీ వినబడటం లేదు. ఆమె ఇంకా గట్టిగా మీటింది. ఇంకా గట్టిగా. పాటంతా అలాగే మీటింది. ప్రార్థన అయ్యాక తోలు కప్పు విప్పితే లోపల చర్మం రేగి రక్తం ఉంది. మమ్మల్ని చూసి చెయ్యి కొంగు కింద పెట్టుకుంది.

తిరుగు బస్సు పెనుకొండ దాటింది. ఆ తరువాత మేస్త్రి అన్నాడు, "ఏమప్పా, మనం చేసింది పీట." నాకు సిగ్గేసింది. ముసలాయన కాలు విరిగిన రోజు వేసినంత సిగ్గు. ఆ రోజు బలం చాలక తప్పు చేశాను. ఈ రోజు బలం ఎక్కువై చేశాను. ఎలా చేసినా నొప్పి పడింది మాత్రం వేరేవాళ్ళే.

మరుసటి రోజు ఆ గిటారును వెనక్కి తీసుకున్నాను. రెండోదాని కోసం మెత్తటి, తేలికైన చెక్క కావాలి. కొత్త ఎక్స్‌రే మిషన్ వచ్చిన చెక్కపెట్టె ఒకటి స్టోరు వెనకాల ఎండకు పడి ఉంది. దేవదారు జాతి చెక్క, మా ఎండలకు గలగలలాడేలా ఎండింది. దాన్ని విప్పుకున్నాను. ఒక పలక మీద గాజుగ్లాసు బొమ్మ అచ్చు వేసి ఉంది, జాగ్రత్త అనే గుర్తు. అది గిటారు లోపలి వైపు వచ్చేట్టు ఉంచాను. పక్కల చెక్కను వేడి గొట్టం మీద ఒంచబోతే ఐదు విరిగాయి, ఆరోది వంగింది. ఇదంతా పనే, దీనికి నేను భయపడలేదు.

ముందు పలక దగ్గర భయపడ్డాను. చిత్రిక పట్టుకుంటూ ఎనిమిది మిల్లీమీటర్లకు వచ్చాను, ఆరుకు వచ్చాను, ఐదుకు వచ్చాను. ఆ తరువాత చెయ్యి కదలలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ చేతికి నేనే నేర్పాను కదా, ఇక్కడ ఆగాలి అని. నాలుగు రోజులు ఆ పలకను ఊరికే అటూ ఇటూ తిప్పి పెట్టాను. మేస్త్రి నా వైపే ఉన్నాడు. ఇంకా తీస్తే అప్పడం అవుతుంది, దాన్ని ఆమెకు ఏ మొహం పెట్టుకుని ఇస్తావు అన్నాడు.

ఐదో రోజు డాక్టరు మేడం వేరే పని మీద వచ్చి, పలకను చూసి, ఇదెందుకు ఆగిందని అడిగింది. చెప్పాను. ఆమె తన చెవిని చూపించింది.

"చెవి లోపల ఒక పొర ఉంటుంది. అది ఉల్లిపొర కన్నా పల్చన. అది గట్టిపడితే మనిషికి చెవుడు వస్తుంది. పల్చగా ఉంటేనే వినబడుతుంది. నువ్వు కాలు చేయడం లేదు, చెవి చేస్తున్నావు" అంది.

ఆమె చెప్పింది వైద్యశాస్త్రమో ఓదార్పో నాకు తెలియదు. కానీ ఆ మధ్యాహ్నమే చిత్రిక పట్టాను. మూడుకు కొంచెం తక్కువకు వచ్చేసరికి, వేలితో తడితే పలక పలికింది. నేను చుట్టూ చూశాను. ఎవరో పిలిచారనుకున్నాను. మళ్ళీ తట్టాను. అదే. ఇన్నేళ్ళలో నేను చేసిన వస్తువు ఏదీ నాకు బదులు పలికింది లేదు. లోపల సన్నటి బద్దలు వేసి, స్క్రూలు లేకుండా జిగురుతోనే మూసేశాను. పొట్ట పైఅంచును ఆమె చెయ్యి ఆనేలా ఏటవాలుగా చెక్కాను. తీగలు బిగించిన రోజు నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇచ్చే రోజు శుక్రవారం పడింది. ఆమె నాలుగు గంటలకు వస్తానంది. బల్ల మీద ఆ వారం బయటికి పోవలసిన వస్తువులన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. రెండు జతల చంకకర్రలు, ఒక పిల్లల కుర్చీ, చివర గిటారు. నేను నమాజుకు పోయాను. తిరిగొచ్చేసరికి మేస్త్రి బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. పని వేళలో ఆయన ఊరికే నిలబడి ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. గిటారు ముందు పలక మీద, మధ్యలోని రంధ్రం నుంచి కింది అంచు దాకా, జానెడు పొడవున చీలిక.

"సగం బరువే పెట్టినా అప్పా" అన్నాడు. "మోచెయ్యే ఆనించినా. కూచోలేదు."

పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందట. ఆ సామెత నోటిదాకా వచ్చింది కానీ ఆయన మొహం చూసి మింగేశాను. కోపం మాత్రం మింగలేకపోయాను. ఎందుకు చేశావని గట్టిగానే అడిగాను. ఇనుప గదివాళ్ళు తలుపు దగ్గరికి వచ్చారు.

"చూడకుండా ఎట్ల పంపేది? ఆ కుందుర్పి ముసలాయన్ను మర్చిపోయినావా? రేపు పదిమందిలో వాయిస్తా ఉంటే విరిగితే ఆయమ్మ గతేమి?"

ఆ నియమం పెట్టింది నేను. దాన్ని ఇన్నేళ్ళు ఒక్కరోజు కూడా తప్పకుండా పాటించింది ఆయన. గిటారుకు ఆ నియమం వర్తించదని ఆయనకు నేను నోరు తెరిచి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని తోచలేదు. చెక్క పల్చగా ఎందుకు ఉండాలో ఫోన్లో చలిదేశపు పెద్దాయన దగ్గర, వర్క్‌షాపులో మేడం దగ్గర విన్నాను కానీ, అది పక్కగదిలో ఉన్న మనిషికి చెప్పలేదు. ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నింటిలోనూ, ముసలాయన చంకకర్ర తరువాత, ఇదే పెద్దది అనుకుంటాను.

నాలుగు అయ్యేలోపు మేము ఆలోచించిన ఉపాయాలన్నీ అబద్ధాలే. ఇంకా పూర్తికాలేదని చెబుదామా, వార్నిష్ ఆరలేదని చెబుదామా అని. ఆమె వచ్చేసరికి మేస్త్రి మా ఎవరితో చెప్పకుండా గిటారును రెండు చేతులతో ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టి, ఇది నేనే విరగ్గొట్టినానమ్మా అన్నాడు. ఆమె చీలిక మీద వేలు పెట్టి చివరిదాకా పోనిచ్చింది. తోలు కప్పు తొడుక్కుని, అన్ని తీగల మీదా ఒక్కసారి మీటింది.

చీలిక దగ్గర తుమ్మెద దూరినట్టు జుమ్మంది. కానీ మోగింది. రేకుల కప్పుకు తగిలి తిరిగొచ్చేంతగా మోగింది. ఎదురుగా ఆడవాళ్ళ వార్డు కిటికీలో ఒక పేషెంటు తల కనబడింది, తరువాత ఇంకో తల. ఇనుప గదిలో సుత్తి ఆగింది. ఆమె మళ్ళీ మీటింది. మేస్త్రి గోడ వైపు తిరిగి తన ముక్కు తుడుచుకున్నాడు.

అప్పుడు ఆమె కుడిచేత్తో తీగలు నొక్కబోయింది. అందరం పాట కోసం ఎదురుచూస్తున్నాం. వేళ్ళు ఒకచోట పెట్టి మీటితే బుర్రుమంది. తీసి ఇంకోచోట పెట్టింది. అదీ బుర్రుమంది. చీలిక తప్పు కాదది. పాతికేళ్ళు నొక్కడం నేర్చుకున్న చెయ్యి వేరే. ఆ చేతిలో ఇప్పుడు వేళ్ళు లేవు. ఈ చేతికి మీటడమే తెలుసు. ఆమె మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలి. మొదటి గిటారు మోగలేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఈ తడబాటు ఎవరికీ వినబడలేదు. డాక్టరు చీటీలో అది లేదు, నా వీడియోల్లో లేదు, మాలో ఎవరూ దాని గురించి ఒక్కసారి కూడా అనుకోలేదు. చెక్క దొరికింది, తోలు దొరికింది, కొత్త వేళ్ళకు పాత విద్య ఎక్కడ దొరుకుతుంది?

ఆమె మా మొహాలు చూసి, "బాగుండాది అన్నా" అంది. మొదటి గిటారుకు కూడా ఆమె సరిగ్గా ఇదే మాట అంది. అందుకని నేను నమ్మలేదు.

మూడు రోజుల్లో చీలికకు జిగురు పట్టించి లోపల చిన్న చిన్న చెక్కబిళ్ళలు అతికించి ఇచ్చాను. ఆ తరువాత నెలకు ఆమెను కుందుర్పి వైపున్న మా ఆసుపత్రివాళ్ళ చిన్న క్లినిక్కుకు బదిలీ చేశారు. వెళ్ళేటప్పుడు గిటారును దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కింది. ఏడాది గడిచింది. ఇంకో ఆరునెలలు గడిచాయి. ఏ కబురూ లేదు.

మీకు తెలియని విషయం ఒకటి చెబుతాను. మా పనిలో కబురు రాకపోతే అది చెడ్డ కబురు. వాడే చంకకర్ర రబ్బరు అరిగి తిరిగొస్తుంది. నడిచే చెప్పులు మడమ అరిగి తిరిగొస్తాయి. ఎప్పటికీ రిపేరుకు రాని వస్తువు అటక మీద ఉన్నట్టు లెక్క. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు మా వర్క్‌షాపును మెచ్చుకుంటూ, మీ వస్తువులు అసలు వెనక్కే రావటగా అన్నప్పుడల్లా నాకు లోపల కలుక్కుమనేది. ఆ గిటారు ఏదో గోడకు మేకుకు వేలాడుతూ ఉంటుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మేస్త్రితో ఆ మాట ఎత్తేవాణ్ణి కాదు. ఆయనా ఎత్తేవాడు కాదు.

నా రిటైర్మెంటుకు ఇంకా రెండు వారాలుందనగా, ఒక బుధవారం పొద్దున ఆమె దుప్పటి మూటతో వర్క్‌షాపు గడప దగ్గర నిలబడింది. కుశల ప్రశ్నలు కూడా కాకముందే మూట విప్పి బల్ల మీద పెట్టింది.

నేను వంగి చూశాను. మెట్లకు నేను సన్నటి ఇత్తడి తీగ వేశాను. మొదటి మూడు మెట్ల మీద ప్రతి తీగ కిందా గాడి పడి ఉంది, గోరు ఆనేంత లోతు. మెట్ల మధ్య చెక్క మీద వేళ్ళ కొసలు ఆనేచోట నునుపుగా గుంటలు. రంధ్రం కింద తోలు కప్పు రాసుకునే చోట వార్నిష్ మొత్తం పోయి తెల్లచెక్క బయటపడింది. చీలికకు నేను వేసిన అతుకు చెక్కుచెదరలేదు, కానీ దాన్ని చూసుకోవాలని నాకు సాయంత్రానికి గానీ తోచలేదు. నాలుగు రోజులో నలభై రోజులో వాయిస్తే ఇత్తడి అలా అరగదు.

"ఆదివారం లోపల గావల్ల అన్నా" అంది. "ఆడ చర్చిలో కీబోర్డు లేదు, కరెంటూ నిలకడగా ఉండదు. పాటలన్నీ నేనే వాయించాల."

సరే, మెట్లు మారుస్తాను అన్నాను. ఆమె అంతటితో ఆగలేదు.

"మెట్లు ఒగటే కాదు. మెడ లావుగా ఉండాది, బొటనేలు ఆడదు. ఈ అంచు చేతికి కోసుకుంటాది. లావు తీగె శబ్దం లోపల్నే గుసగుసమంటాది, బయటికి రాదు. మూడో మెట్టు మొదుట్నుంచీ కొంచిం ఎత్తు."

చెప్పుల మేస్త్రి పక్కగది నుంచి వచ్చి అంతా విన్నాడు. ఆయనకు పాపం నా తరఫున రోషం వచ్చింది.

"పోయినసారి బాగుండాది బాగుండాది అంటివి కదమ్మా?"

"అప్పుడు నాకేం తెలుసన్నా" అంది ఆమె. "అప్పుడు వాయించేది రాదు గదా."

ఆ ముప్పై ఏళ్ళలో నా పనిని చాలామంది మెచ్చుకున్నారు. దండలు వేసినవాళ్ళున్నారు, కాళ్ళకు దండం పెట్టబోయినవాళ్ళున్నారు. ఒక్కటీ నన్ను అంత సంతోషపెట్టలేదు. దాచుకోను, కళ్ళ నీళ్ళు వచ్చాయి. చెక్కపొడి పడిందని మేస్త్రితో అన్నాను. ఆ పూట నేనింకా ఏ చెక్కా కోయలేదు.

మెడ ఎంత తగ్గించాలో చూపించమన్నాను. ఆమె స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుంది. నేను కొంచెం తీసి ఇస్తే పట్టుకుని చూసి, ఇంకొంచెం అనేది. మళ్ళీ తీసేవాణ్ణి, మళ్ళీ పట్టుకుని చూసేది. సాయంత్రం బస్సు వేళయ్యేదాకా ఆమె ఇంకొంచెం అంటూనే ఉంది, నేను చిత్రిక పడుతూనే ఉన్నాను.